ఊరి సోలార్ ఊరి ఆడవాళ్ల చేతికి: గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పల్లెల్లో శిక్షణ ఎలా పెట్టాలి

మన పల్లెలకు సోలార్ కొత్త కాదు. వీధి చివర స్తంభానికి ఒక ప్యానెల్, పొలంలో బోరు పక్కన కొన్ని, ఈమధ్య డాబాల మీద వరసగా కనిపిస్తున్నాయి. అయితే ఆ వీధి దీపాల్లో ఎన్ని వెలుగుతున్నాయో ఒక రాత్రి ఊరంతా తిరిగి చూడండి. వెలగని వాటిలో చాలావాటికి ప్యానెల్ నిక్షేపంగా ఉంటుంది. బ్యాటరీ పోయి ఉంటుంది, లేదంటే తీగ చిలుము పట్టి ఊడి ఉంటుంది. పావుగంట పని. ఆ పావుగంట పని చేసే మనిషి ఊళ్లో ఉండరు. పట్నం నుంచి పిలిపిద్దామంటే రానుపోను చార్జీలే పని విలువను మించిపోతాయి కాబట్టి ఎవరూ రారు, దీపం అలాగే ఉండిపోతుంది.

అందుకే ఒక ఊరికి సోలార్ వచ్చిందని నేను ఎప్పుడు ఒప్పుకుంటానంటే, దాన్ని బాగుచేసే మనిషి ఆ ఊళ్లోనే ఉన్నప్పుడు. ఆ మనిషి సంఘంలోని ఆడమనిషి కావాలని ఈ మార్గదర్శి రాస్తున్నాను. స్వచ్ఛంద సంస్థలవాళ్లకు, గ్రామైక్య సంఘం లీడర్లకు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లకు, ఊరికి ఏదైనా చేద్దామనుకునే రిటైరైన ఇంజినీర్లకు ఇది పనికొస్తుంది.

ఈ ఆలోచన నా సొంతం కాదు. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లా తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజ్ దీన్ని ఎప్పుడో చేసి చూపించింది. చదువు రాని, నడివయసు దాటిన ఆడవాళ్లకు అక్కడ ఆరు నెలల్లో సోలార్ దీపాలు తయారుచేయడం, బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. విదేశీయులకు శిక్షణ ఇప్పించే భారత ప్రభుత్వ ఐటెక్ పథకం సాయంతో ఆఫ్రికా దేశాల నుంచి కూడా అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చి నేర్చుకుని వెళ్లారు. భాష కలవకపోయినా రంగులతో, సైగలతో, చేసి చూపించడంతో పాఠం నడిచింది. మగవాళ్లకు నేర్పితే సర్టిఫికెట్ చేతికి రాగానే పట్నం దారి పడతారనీ, పెద్ద వయసు ఆడవాళ్లు ఊరు వదలరనీ రాయ్ చెబుతూ వచ్చారు. మన దగ్గరా అంతేగా. ఐటీఐ చదివిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటాడు. 40 ఏళ్ల సంఘం లీడరు ఊళ్లోనే ఉంటుంది.

తిలోనియా పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే మాత్రం సగం వృథా అవుతుంది. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఊళ్లలో కరెంటే లేదు. మన ఊళ్లలో కరెంటు ఉంది. ఇక్కడ పని డాబా మీద ప్యానెళ్ల సంరక్షణ, వీధి దీపాలు, పొలం మోటార్లు, ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలు. వీటితోపాటు కరెంటు పోయిన రోజుల కోసం విడిగా పెట్టుకునే బ్యాటరీ లైట్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫోనులో చార్జింగ్ లేక ఎంతమంది అల్లాడారో ఈ ప్రాంతంలో అందరికీ గుర్తుంది. కొల్లిపర, కొల్లూరు వైపు లంక గ్రామాలకు కృష్ణమ్మ పొంగినప్పుడల్లా ఇదే టెన్షన్.

మొదటి అడుగు: ఊళ్లో ఏముందో రాసుకోండి

శిక్షణకు ముందు గ్రామైక్య సంఘం లీడర్లతో కలిసి ఊరంతా నడవండి. ఒకసారి పొద్దున, ఒకసారి చీకటి పడ్డాక. డాబా మీద సోలార్ ఉన్న ఇళ్లు, ఆరిపోయిన వీధి దీపాలు, సోలార్ మోటార్లు, ఇన్వర్టర్ ఉన్న ఇళ్లు, స్కూలు, అంగన్‌వాడీ, పాల కేంద్రం అన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించండి. రేపు మన మహిళలకు దొరికే పని ఇదే. ఒక్క ఊళ్లో ఇద్దరికి సరిపడా పని దొరకడం కష్టం. నాలుగైదు ఊళ్లను ఒక గుంపుగా తీసుకోండి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆటోలో అరగంటలో చేరగలిగేలా.

రెండో అడుగు: మనుషుల్ని ఎంచుకోవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. చాలా కార్యక్రమాల్లో మండల సమాఖ్యకు కబురు పంపి, వాళ్లిచ్చిన పేర్ల జాబితాతోనే మొదలుపెట్టేస్తారు. అలా వచ్చినవాళ్లలో కొందరు భోజనం, చార్జీల కోసం వస్తారు, కొందరు సంఘాల పని చూసే సీసీ గారు చెప్పారని కాదనలేక వస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. అడిగిన పద్ధతి అది.

ఇలా చేయండి. సంఘం సమావేశానికి ఆరేడు పాడైన టార్చిలైట్లు, చార్జింగ్ లైట్లు తీసుకెళ్లండి. కొన్నిటిలో స్ప్రింగు వంగి ఉండాలి, కొన్నిటిలో తీగ ఊడి ఉండాలి. మధ్యలో పెట్టి ఊరుకోండి, ఏమీ చెప్పొద్దు. కొందరు చూసి పక్కన పెడతారు. ఒకరిద్దరు మూత విప్పి, స్ప్రింగును గోటితో పైకి లాగి, బ్యాటరీ తిప్పి పెట్టి చూస్తారు. మీకు కావాల్సింది వాళ్లు. చదువు ఎంతని అడగనక్కర్లేదు, అంకెలు చదవగలిగితే చాలు. పొదుపు పుస్తకం చూసుకునే ఏ ఆడమనిషికైనా అంకెలు వచ్చు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని, అది మొరాయిస్తే తనే నూనె వేసి సరిచేసుకునే ఆమె ఉంటే వదలకండి. ఆ చేతికి స్క్రూడ్రైవరు కొత్త కాదు.

వయసు 30 నుంచి 50 మధ్య అయితే మేలు. ఇద్దర్ని జతగా తీసుకోండి, ఒక్కరిని ఎప్పుడూ వద్దు. ఒకరికి చెయ్యి తిరగాలి, ఇంకొకరికి మాట తిరగాలి. నిచ్చెన పట్టుకోవడానికీ, పరాయి ఇంటి డాబా ఎక్కేటప్పుడు తోడుగా ఉండడానికీ ఇద్దరుండాల్సిందే. బ్యాచ్‌కు 10 నుంచి 12 మంది దాటితే కరెంటు కొలిచే మీటరు అందరి చేతికీ అందదు.

ఎస్సీ, ఎస్టీ కాలనీల నుంచి తప్పకుండా తీసుకోండి. తీసుకుని ఊరుకుంటే సరిపోదు. డాబా మెట్లు ఇంటి లోపలి నుంచి ఉన్నచోట ఎవరిని పైకి రానిస్తారన్న ప్రశ్న మన ఊళ్లలో ఇంకా ఉంది. దాన్ని మొదటి పని రోజున ఆ మహిళే గుమ్మంలో నిలబడి ఎదుర్కొనే పరిస్థితి రానివ్వొద్దు. డ్యూటీలో ఎవరుంటే వాళ్లే వస్తారు, ఇంకొకరిని పంపడం ఉండదని ఇంటివాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ పని చూసే ఊరి కమిటీ చెప్పేయాలి. ఒప్పుకోని ఇంటికి సర్వీసు లేదనాలి.

ఇక "మా ఆయన ఏమంటాడోనండీ" అనే మాట తప్పకుండా వస్తుంది. దానికి మహిళను ఒప్పించి లాభం లేదు, వాళ్లింటికి వెళ్లండి. అత్తగారితో కూర్చుని మాట్లాడండి. "ఎన్ని గంటలకు వస్తుంది, ఎంత దూరం, వంట ఎవరు చేస్తారు, డబ్బులెంత వస్తాయి" అని ఆమె అడిగే నాలుగు ప్రశ్నలకూ నిజం చెప్పండి. మొదటి ఆర్నెల్లు రాబడి తక్కువే ఉంటుందని కూడా చెప్పండి. గొప్పలు చెప్పి తీసుకొచ్చిన మనిషి రెండో నెలలో మానేస్తుంది.

ఐటీఐ చేసిన కూతుళ్లు ఊళ్లో కనిపిస్తే వాళ్ల దారి వేరు. కేంద్ర ప్రభుత్వ సూర్యమిత్ర శిక్షణ 2015 నుంచి ఉంది, జాతీయ సౌరశక్తి సంస్థ 600 గంటల కోర్సుగా నడుపుతుంది. దానికి ఐటీఐ లాంటి అర్హత కావాలి కాబట్టి మన సంఘం ఆడవాళ్లలో చాలామంది అందులోకి వెళ్లలేరు. అమ్మాయిల్ని అక్కడికి పంపండి, అమ్మలకు ఇక్కడ నేర్పండి.

మూడో అడుగు: ఎప్పుడు, ఎక్కడ

పంటల క్యాలెండర్ చూడకుండా తేదీ పెట్టకండి. జనవరి నుంచి మార్చి దాటేదాకా మిరప కోతలు, ఆ కూలి వదులుకుని ఎవరూ రారు, రమ్మనడం న్యాయమూ కాదు. జూలై, ఆగస్టుల్లో డెల్టాలో వరి నాట్లు. అక్టోబరు దాటితే పత్తి తీతలు. మిగిలేది మే నెల, జూన్ మొదట్లో కొంత, సెప్టెంబరు. మేలో పెడితే పొద్దున 6 నుంచి 9 వరకు డాబా మీద పని, తర్వాత నీడపట్టున బల్ల మీద పని. పది దాటాక ఎవరినీ డాబా ఎక్కించొద్దు.

రోజుకు మూడు నాలుగు గంటల చొప్పున సాగదీసి నేర్పడమే మన దగ్గర కుదురుతుంది. ఇల్లు వదిలి నెలల తరబడి హాస్టల్లో ఉండటం చంటిపిల్లలున్నవాళ్లకూ, గేదెలున్నవాళ్లకూ అయ్యే పని కాదు. చోటు గ్రామైక్య సంఘం భవనమో, స్కూలో. ఎక్కడానికి మెట్లు, పైన పిట్టగోడ ఉన్న డాబా కావాలి. పక్కన చిన్నపిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టండి. ఇది చిన్న ఖర్చు. హాజరును మాత్రం ఇదే నిలబెడుతుంది.

నాలుగో అడుగు: సామాను

ఇద్దరికి ఒక మల్టీమీటరు, అందరికీ కలిపి డీసీ (ప్యానెల్, బ్యాటరీ ఇచ్చే కరెంటు) కూడా కొలిచే క్లాంప్ మీటరు ఒకటి. ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, తీగ తోలు తీసే స్ట్రిప్పరు, ప్యానెల్ తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్లు నొక్కే క్రింపింగ్ టూలు, సోల్డరింగ్ ఐరన్. నేర్చుకోవడానికి 40 వాట్ల ప్యానెళ్లు నాలుగు, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే చార్జ్ కంట్రోలర్లు నాలుగు, 12 వోల్టుల చిన్న బ్యాటరీలు, డీసీ బల్బులు, డీసీ ఫ్యాను ఒకటి. పాతసామాను కొట్టు నుంచి చచ్చిపోయిన వీధి దీపాలు రెండు తప్పకుండా తెచ్చుకోండి. నిచ్చెన, నడుముకు కట్టుకునే సేఫ్టీ బెల్టు, తాడు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. మీటర్లలో మరీ చవకవి కొనకండి. అంకె తప్పు చూపించే మీటరు నేర్చుకునేవాళ్ల నమ్మకాన్నే దెబ్బతీస్తుంది.

ఐదో అడుగు: పాఠం

మొదటిరోజు బోర్డు జోలికి వెళ్లొద్దు. ప్యానెల్ ఎండలో పెట్టి, డీసీ ఫ్యాన్‌ను నేరుగా తగిలించండి. తిరుగుతుంది. ఇప్పుడు ప్యానెల్‌లో ఓ మూలన తువ్వాలు కప్పమనండి. కప్పింది కొంచెమే అయినా ఫ్యాను బాగా నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. కొబ్బరాకు నీడ, డిష్ యాంటెన్నా నీడ, వాటర్ ట్యాంకు నీడ ఎందుకు పనికిరావో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే తమ డాబా మీద పొద్దున ఎక్కడ నీడ, సాయంత్రం ఎక్కడ నీడ చూసి రమ్మనండి.

తర్వాత మీటరు. నాబ్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, 36 గళ్లున్న ప్యానెల్ తీగలకు ఆనిస్తే 20, 21 దగ్గర అంకె కనిపిస్తుంది. అదే తీగలు తారుమారుగా పెట్టమనండి. అంకె ముందు చిన్న అడ్డగీత వస్తుంది. ఆ అడ్డగీత కనిపిస్తే ప్లస్, మైనస్ తిరగబడ్డాయని గుర్తు. ఈ ఒక్క గుర్తు ఎన్నో కంట్రోలర్లను కాలిపోకుండా కాపాడుతుంది. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని నేర్పినా, మన ఊళ్లలో చేతికి ఏ రంగు దొరికితే ఆ తీగ వేసి వెళ్లిపోయిన పనులు చాలా ఉంటాయి. రంగు చూసి నమ్మకుండా మీటరు పెట్టి చూశాకే ముట్టుకునే అలవాటు మొదటి వారంలోనే పడాలి.

వోల్టు, ఆంపు, వాటు దగ్గర చాలామంది బెదురుతారు. దీనికి డాబా మీది నీళ్ల ట్యాంకు చాలు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో అది వోల్టు, పైపులో ఎంత ధార పారుతోందో అది ఆంపు. రెండూ కలిసి చేసే పని వాటు. 12 వోల్టులు, 3 ఆంపులు అంటే 36 వాట్లు. గుణకారం వాళ్లకు కష్టం కాదు, వడ్డీ లెక్కలు వేసే చేతులవి.

బ్యాటరీకి ఎక్కువ రోజులు కేటాయించండి, ఊళ్లలో పాడయ్యేది ఎక్కువగా అదే. లెడ్ యాసిడ్ బ్యాటరీని వాడకుండా, చార్జింగ్ పెట్టకుండా కాసేపు వదిలి కొలిస్తే 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.8కి దిగితే ఖాళీ. ఈ మూడు అంకెలు గోడ మీద పెద్దగా రాసి పెట్టండి. సగం కిందికి మాటిమాటికీ దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందులో పోయాల్సింది డిస్టిల్డ్ వాటరు, అంగట్లో బ్యాటరీ నీళ్లు అంటే ఇస్తారు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోసి చంపిన బ్యాటరీలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి, ఒకటి తెచ్చి చూపించండి.

కనెక్షన్ వరస చేతికి అలవాటయ్యేదాకా చేయించాలి. కలిపేటప్పుడు కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, ఆఖర్న బల్బులు. తీసేటప్పుడు దీనికి తిరగేసి: బల్బులు, ప్యానెల్, చివరగా బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలిస్తే కొన్ని కంట్రోలర్లు దెబ్బతింటాయి.

లెక్క ఒకటి నేర్పితే ఆమె ఊళ్లో మాటకు విలువ వస్తుంది. ఒక ఇంట్లో 9 వాట్ల బల్బులు మూడు, 5 గంటలు: 135. తక్కువ కరెంటు తాగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు: 224. రెండు ఫోన్ల చార్జింగ్ 20 అనుకోండి. మొత్తం 379, అంటే దాదాపు 400 వాట్ అవర్లు. మన దగ్గర రోజుకు సుమారు 5 గంటల గట్టి ఎండ ఉన్నట్టు లెక్కేసి, వేడి, తీగలు, బ్యాటరీల్లో పోయేది తీసేస్తే మూడున్నర గంటలే చేతికి వస్తాయి. 400ను 3.5తో భాగిస్తే 114. కాబట్టి 125 లేదా 150 వాట్ల ప్యానెల్ కావాలి. బ్యాటరీ సగమే వాడుకోవాలి గనుక 12 వోల్టుల్లో సగం, 6తో 400ను భాగించండి, 67. అంటే ఒక రాత్రికి 75 ఆంప్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది, ముసురు రోజులకు కూడా కావాలంటే 150. ఈ లెక్క వచ్చిన ఆడమనిషి ముందు ఏ దుకాణదారుడూ 50 వాట్ల ప్యానెల్ చూపించి ఇల్లంతా వెలుగుతుందని చెప్పలేడు.

తీగ మందం సంగతి కూడా లెక్కతోనే చెప్పండి. 12 వోల్టుల్లో 10 ఆంపులు, 10 మీటర్ల దూరం, రెండున్నర మందం (చదరపు మిల్లీమీటర్లు) తీగతో పంపితే దారిలోనే ఒకటిన్నర వోల్టు పోతుంది. బల్బు మసకగా వెలుగుతుంటే జనం బల్బు మారుస్తారు. మారాల్సింది తీగ. 6 మందం వేస్తే పోయేది అర వోల్టు పైచిలుకే.

ప్యానెల్ దక్షిణానికి చూడాలి. గుంటూరు, విజయవాడలు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి 15, 16 డిగ్రీల వాలు చాలు.

ఇక శిక్షణలో సగం సమయం తీసుకోవాల్సిన పని ఒకటుంది. బాగా నడుస్తున్న సెట్టు ఒకటి పెట్టి, ముందురోజు సాయంత్రం మీరే దాన్ని పాడుచేయండి. ఫ్యూజు తీసేయండి, తీగ చివరి లగ్గు వదులు చేయండి, తీగ లోపల తెంపి పైన టేపు చుట్టండి, మాడిన బల్బు పెట్టండి. పొద్దున్నే వచ్చి వెతకమనండి. ప్యానెల్ నుంచి మొదలుపెట్టి తీగ, కంట్రోలర్, బ్యాటరీ, బల్బు దాకా వరసగా ప్రతిచోటా మీటరు పెట్టుకుంటూ రావాలి, మధ్యలోంచి ఊహించి విప్పకూడదు. మొదట్లో గంట పడుతుంది. కొన్నాళ్లకు పది నిమిషాల్లో పట్టేస్తారు. తర్వాత వాళ్లలోనే ఒక జట్టు పాడుచేయాలి, ఇంకో జట్టు వెతకాలి. ఎదుటివాళ్లకు దొరకకుండా పాడుచేయాలంటే పని ఎంత లోతుగా తెలియాలో అక్కడ బయటపడుతుంది. ఇందులో నిలిచినవాళ్లకే కిట్టు ఇవ్వండి.

ఆరో అడుగు: ప్రాణానికి సంబంధించినవి

చేతులకున్న బంగారు గాజులు, ఉంగరాలు, మెట్టెలు దాకా ఏ లోహమైనా పనికి ముందు తీసేయాలి. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీదా చేతి బంగారు గాజు పడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. తాళి తీయమంటే తీయరు, తీయమని బలవంతం చేయనూ వద్దు. జాకెట్టు లోపలికి వేసుకుని, పైన కాటన్ కోటు గుండీలు మెడదాకా పెట్టుకోవాలి. డాబా పనికి పంజాబీ డ్రెస్సు గానీ, చీర మీద నడుము బిగించిన కోటు గానీ. పైట నిచ్చెనకు చిక్కుకుంటే కష్టం.

రేకుల షెడ్డు మీద, పాత పెంకుల మీద ఎక్కొద్దు. పిట్టగోడ లేని చోట బెల్టు లేకుండా అంచుకు వెళ్లొద్దు.

డాబా మీద ఇప్పుడొచ్చే 3 కిలోవాట్ల సెట్టులో ఆరు పెద్ద ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటే దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ అది ఉంటుంది, స్విచ్చి కట్టేస్తే పోయేది కాదు. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టర్ లాగితే నిప్పు లేస్తుంది. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత ప్యానెళ్ల తీగను విడదీసే స్విచ్చి, అంటే డీసీ ఐసొలేటర్ కట్టేయాలి, ఆ తర్వాతే దేన్నైనా ముట్టుకోవాలి. ఇన్వర్టర్ నుంచి కరెంటు మీటరు దాకా ఉన్న పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది, మీటరు దాటితే విద్యుత్ సంస్థది. ఈ గీతను మన మహిళలు ఎంత బాగా నేర్చుకున్నా దాటకూడదు.

ఇంకో విషయం ఇంటివాళ్లకు వీళ్లే చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చాలాసార్లు చెప్పరు. గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపిన మామూలు సోలార్, వీధిలో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైను బాగుచేస్తున్న లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా పెట్టారు. తుపాను రాత్రి దీపం కావాలంటే బ్యాటరీ ఉన్న చిన్న సెట్టు వేరే ఉండాలి. ఇది ముందే తెలిస్తే తర్వాత గొడవలుండవు.

ఏడో అడుగు: ఎండ, దుమ్ము

మే నెలలో "ఇంత ఎండ కాస్తుంటే యూనిట్లు తగ్గాయేంటమ్మా" అని అడుగుతారు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు. వేడి దానికి పడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. రెంటచింతల వైపు ఎండలకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 15 శాతం దాకా పోయినట్టే. రేకుకు అంటించకుండా కింద గాలాడేలా జానెడు ఎత్తులో బిగించిన ప్యానెల్ తక్కువ వేడెక్కుతుంది.

కడగడం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి మచ్చలు పడి గట్టిపడతాయి, కాబట్టి మెత్తని వైపరుతో నీళ్లు లాగేయాలి. మిరప కల్లాలున్న చోట, పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర, ముందు మెత్తని బ్రష్‌తో పొడిగా దులిపి ఆ తర్వాతే నీళ్లు. సబ్బుపొడి, పీచు వద్దు.

ఎనిమిదో అడుగు: పని, డబ్బు

శిక్షణలు ఇక్కడే చచ్చిపోతాయి. సర్టిఫికెట్ల రోజు ఫొటో దిగి, కిట్టు చేతికిచ్చి పంపేస్తే ఆ కిట్టు అటకెక్కుతుంది. మొదటి పాఠం చెప్పకముందే మొదటి నెల పని ఎక్కడిదో మీకు తెలిసుండాలి.

ఒక దారి ఇళ్ల నుంచి నెలవారీ. తిలోనియా పద్ధతిలో ఊరి కమిటీ ఒకటి ఉంటుంది, ప్రతి ఇల్లూ నెలనెలా కొంత కడుతుంది, ఆ డబ్బులోంచే బాగుచేసే ఆమెకు జీతం. మన దగ్గర దీన్ని గ్రామైక్య సంఘం కింద పెట్టడం తేలిక, ఖాతా, పుస్తకాలు, సమావేశాలు అన్నీ ముందే ఉన్నాయి. సంఘం ఆడవాళ్లే చేసే బ్యాంకు సఖి, పశు సఖి పనులు ఉన్నట్టే ఇదీ. ఇంటివాళ్లకు ఎందుకు కట్టాలో లెక్క చూపించాలి. 3 కిలోవాట్ల సెట్టు రోజుకు 12 యూనిట్ల చొప్పున నెలకు 360 ఇస్తుందనుకుందాం. దుమ్ము పట్టి పదోవంతు తగ్గితే 36 యూనిట్లు పోయినట్టు. యూనిట్ 6 రూపాయలనుకున్నా 216. నెలకు రెండుసార్లు కడిగి, రీడింగ్ రాసి, కనెక్షన్లు చూసినందుకు 150 అడిగితే ఇంటివాళ్లకే లాభం.

రెండో దారి గురించి తక్కువమంది ఆలోచిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లకు సోలార్ అంటోంది, సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దాకా. బిగించిన కంపెనీ అయిదేళ్లు సంరక్షణ చూడాలన్నది అందులో షరతు. విజయవాడలో ఆఫీసున్న కంపెనీ కొల్లూరులో ఒక ఇంటికి మనిషిని పంపాలంటే రోజంతా పోతుంది. అదే పనిని మండల సమాఖ్య ద్వారా ఆ ఊరి మహిళలకు ఒప్పంద పత్రంతో అప్పగిస్తే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, ఇంటివాళ్లకు అదేరోజు మనిషి వస్తుంది, మనవాళ్లకు నెలనెలా రాబడి. కంపెనీ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి అడుగులో రాసుకున్న జాబితా పట్టుకెళ్లండి. నోటిమాట మీద ఒప్పుకోవద్దు. ఒక విజిట్‌కు ఎంత, విడిభాగాల ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. పంచాయతీ వీధి దీపాలకూ ఇలాగే తీర్మానం చేయించుకోవాలి.

విడిభాగాల పెట్టె ఒకటి సంఘం భవనంలో ఉండాలి. ఫ్యూజులు, ఎంసీ4 జతలు, ఒకటిరెండు చార్జ్ కంట్రోలర్లు, డీసీ బల్బులు, తీగ చుట్ట, బ్యాటరీ నీళ్లు. దీనికి పెట్టుబడి సంఘం అప్పుగానో, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచో తీసుకోవచ్చు. కానీ ఆ అప్పు ఒక్క మనిషి పేరు మీద పడకుండా చూడండి.

పెద్దగా ఆలోచించేవాళ్లు రాజస్థాన్‌లోనే డుంగర్‌పూర్ వైపు చూడండి. ఐఐటీ బాంబే తోడ్పాటుతో అక్కడి గిరిజన మహిళలు మొదట సోలార్ దీపాలు బిగించి, ఆ తర్వాత దుర్గా ఎనర్జీ పేరుతో ప్యానెళ్లు తయారుచేసే కంపెనీకే యజమానులయ్యారు. మన సమాఖ్యలకు పొదుపులో, బ్యాంకు లింకేజీలో ఉన్న పట్టు తక్కువేం కాదు.

శిక్షణ అయ్యాక

మొదటి ఆర్నెల్లు నెలకొకసారి అందరూ ఒకచోట కలవాలి. నెలలో తమకు అంతుపట్టని ఫాల్టు ఒక్కొక్కరూ చెప్పాలి, మీటరు అంకెలు నోట్‌బుక్‌లోంచి చదవాలి. మధ్యలో ఫోను చేస్తే తీసే టెక్నీషియన్ ఒకరు ఉండాలి. వీడియో కాల్‌లో మీటరు చూపించి "అక్కడ ఎంతొచ్చిందమ్మా, ఇప్పుడు ఎర్రది కంట్రోలర్ దగ్గర పెట్టండి" అని చెప్పగలిగితే చాలు, చాలా ఫాల్టులు అక్కడికక్కడే తేలిపోతాయి.

బ్యాటరీ ఉన్న ఇళ్లకు, వీధి దీపాలకు బ్యాటరీ నిధి మొదటి నెల నుంచే మొదలవ్వాలి. 150 ఆంప్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ 15,000 అనుకుని, నాలుగేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు సుమారు 313 చొప్పున పక్కన పెట్టాలి. ఈ డబ్బు జీతాల ఖాతాలో కలపొద్దు, వేరే పాస్‌బుక్ తీయించండి. బ్యాటరీ పోయిన రోజున డబ్బు వెతుక్కునే ఊళ్లో దీపం తిరిగి వెలగదు.

రెండో బ్యాచ్‌కు పాఠం చెప్పేది మొదటి బ్యాచ్ వాళ్లే కావాలి. వాళ్లలో ఇద్దర్ని ఎంచి, రోజుకు ఇంత అని బోధనకు డబ్బు కట్టి పెట్టుకోండి. ముందురోజు సాయంత్రం సెట్టు పాడుచేసే పని కూడా వాళ్లకే వదిలేయండి.